అమ్మకి ఎన్‌కే కణాల వైద్యం: పొలం అమ్మమంటారా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. అమ్మకి 61 ఏళ్లు. పెళ్లికాక ముందు నుంచీ అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం) అలవాటు. పోయిన ఏడాది అంగిలికి కేన్సర్ అని తేలింది. విశాఖలో ఆపరేషన్ చేసి రేడియేషన్ పెట్టారు, దాంతోపాటు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇచ్చారు. ఐదు నెలలకే మెడలో బిళ్లలు కట్టాయి. ఊపిరితిత్తుల్లోనూ మచ్చలున్నాయని స్కాన్‌లో వచ్చింది. మళ్లీ ఆపరేషన్ కుదరదన్నారు. మా బావగారు ఒక సిటీలో క్లినిక్ కనుక్కున్నారు. అమ్మ రక్తంలోంచే ఎన్‌కే కణాలు తీసి, ల్యాబ్‌లో పెంచి, తిరిగి ఎక్కిస్తారట. ఆరు డోసులకి 14 లక్షలు. సైడ్ ఎఫెక్టులు ఉండవట. మాకు ఎకరంన్నర పల్లం ఉంది, బేరం కూడా వచ్చింది. నాకేమో టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. బావగారు "డబ్బు చూసుకుని తల్లిని వదిలేస్తావా" అంటున్నారు. క్లినిక్ కరపత్రం, వాళ్లు చూపించిన ఒక పేషెంటు రిపోర్టు ఫోటోలు పంపుతున్నాను. పాతపట్నంలో ఉన్న మేనమామ ఆరోగ్యశ్రీ కార్డు అమ్మకి పనికొస్తుందా? ఏం చేయమంటారు? మా పిన్ని కూడా అడ్డపొగే తాగుతుంది.
— పేరు రాయవద్దన్న పాఠకుడు, గజపతి జిల్లా, ఒడిశా

జవాబు: ముందు పొలం సంగతి. బేరం ఆపేయండి. బయానా తీసుకుని ఉంటే తిరిగిచ్చేయండి. ఈ క్లినిక్ కోసం పొలం అమ్మాల్సిన పని లేదు. అలాగని అమ్మగారికి చేసేదేమీ లేదనీ నేను అనను. చేయాల్సింది ఉంది, దానికి అయ్యే ఖర్చు ఇందులో చిన్న వంతు. దాని గురించి కిందికి వెళ్లాక వివరంగా చెప్తాను. బావగారికి జవాబు చెప్పాలంటే మీకు ముందు ఈ ఎన్‌కే కణాల వ్యవహారం అర్థం కావాలి.

కరపత్రంలో రాసిందంతా అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే ఉంది. ఎన్‌కే కణాలు నిజంగానే ఉన్నాయి, మీ రక్తంలోనూ నా రక్తంలోనూ ఉన్నాయి. తెల్లరక్తకణాల్లో లింఫోసైట్లని ఒక రకం ఉంది. వాటిలో నూటికి 5 నుంచి 15 దాకా ఇవే. 1975 ప్రాంతంలో స్వీడన్‌లోనూ అమెరికాలోనూ శాస్త్రవేత్తలు విడివిడిగా వీటిని గుర్తించారు. ముందుగా ఏ తర్ఫీదూ లేకుండా కేన్సర్ కణాన్ని చంపగలుగుతున్నాయని చూసి 'నేచురల్ కిల్లర్' అని పేరు పెట్టారు. ఎన్‌కే అంటే అదే.

అవి ఎవరిని చంపాలో ఎలా తేల్చుకుంటాయన్నదే అసలు విషయం. మన ఒంట్లో దాదాపు ప్రతి కణమూ తన పైపొర మీద ఒక రకం ప్రోటీన్ పెట్టుకుని ఉంటుంది, ఆధార్ కార్డు మెడలో వేసుకున్నట్టు. కొన్ని కేన్సర్ కణాలు టీ కణాలనే ఇంకో దళం కంట పడకుండా ఆ కార్డు తీసేస్తాయి. కార్డు లేని కణం ఎదురైతే ఎన్‌కే కణం దానికి అతుక్కుని, పెర్ఫోరిన్ అనే ప్రోటీన్‌తో పొరకి చిల్లు పెట్టి, లోపలికి ఎంజైములు పంపి చంపేస్తుంది. కార్డు కనిపిస్తే చాలామటుకు వదిలేస్తుంది. క్లాస్ కార్రె అనే స్వీడన్ శాస్త్రవేత్త 1980లలో ఈ లెక్క తేల్చారు.

ఇప్పుడు కరపత్రంలో ఎర్రక్షరాల్లో ఉన్న వాక్యం మళ్లీ చదవండి: "మీ సొంత రక్తం నుంచే, పూర్తిగా సహజం." వాళ్లు గొప్పగా చెప్పుకుంటున్నది దీని బలహీనత. అమ్మగారి గడ్డలో కార్డు తీసేయని కణాలు ఎన్నో ఉండొచ్చు. ఆ కార్డు అమ్మగారిదే, ఎన్‌కే కణాలూ అమ్మగారివే. అందుకే వాటిని చూసి ఊరుకోవడమే ఎక్కువ. ఈ రంగంలో గట్టిగా పనిచేసేవాళ్లు చాలామంది రోగి సొంత కణాలు పక్కనపెట్టి, దాత కణాలూ బొడ్డుతాడు రక్తంలోని కణాలూ వాడుతున్నది ఇందుకే.

ఇది పుస్తకంలో మాట మాత్రమే కాదు, మనుషుల మీద చేసి చూశారు. అమెరికా నేషనల్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎనిమిది మంది రోగులకి సొంత ఎన్‌కే కణాలు భారీగా పెంచి ఎక్కించారు. కొందరికి మెలనోమా అనే చర్మ కేన్సర్, కొందరికి కిడ్నీ కేన్సర్, అందరికీ ఒంట్లో పాకిపోయినదే. ఫలితం 2011లో అచ్చయింది. ఎక్కించిన కణాలు రక్తంలో వారాల తరబడి, కొందరిలో నెలల తరబడి పుష్కలంగా కనిపించాయి. గడ్డ మాత్రం ఒక్కరికీ తగ్గలేదు.

మీరు పంపిన రెండో ఫోటో చూశాక ఇది చెప్పక తప్పలేదు. పేరు మీద నల్ల గీత కొట్టిన ఆ రిపోర్టులో "చికిత్సకు ముందు ఎన్‌కే 8 శాతం, తర్వాత 31 శాతం" అని ఉంది, పక్కన పైకి చూసే ఆకుపచ్చ బాణం. కిందా మీదా వెతికాను. గడ్డ ఎన్ని సెంటీమీటర్లు ఉండేది, ఎన్ని అయింది అన్న మాట ఎక్కడా లేదు. స్కాన్ తేదీ లేదు. సీసాలకొద్దీ కణాలు నరంలోకి ఎక్కిస్తే రక్తంలో శాతం పెరగక ఏమవుతుంది? పెరిగిందని చూపించి డబ్బు తీసుకోవడానికి ఆ కాగితం పనికొస్తుంది, అంతే. బావగారిని ఆ క్లినిక్‌కి ఫోన్ చేసి ఒక్క మాట అడగమనండి: అంగిలి కేన్సర్ తిరగబెట్టిన ఒక రోగికి ముందు తీసిన సీటీ, తర్వాత తీసిన సీటీ, బయటి రేడియాలజిస్టు కొలిచి ఇచ్చినవి చూపిస్తారా అని.

గడ్డ కట్టే కేన్సర్లలో ఇంకా చిక్కులున్నాయి. నరంలోకి ఎక్కించిన కణాలు ముందు ఊపిరితిత్తుల్లో ఆగుతాయి, ఆ తర్వాత ఎక్కువ భాగం కాలేయానికీ ప్లీహానికీ పోతాయి. గడ్డ దాకా చేరేవి కొద్ది. చేరినా లోపల ఆక్సిజన్ తక్కువ, లాక్టిక్ ఆమ్లం ఎక్కువ, పైగా టీజీఎఫ్-బీటా అనే పదార్థాన్ని గడ్డ వదులుతూ ఉంటుంది, దానికి ఎన్‌కే కణాలు మొద్దుబారిపోతాయి. అమ్మగారి మెడకి రేడియేషన్ కూడా అయింది. అక్కడ కండ గట్టిపడి రక్తప్రసారం మునుపటిలా ఉండదు. కీమో మందుకే అక్కడికి చేరడం కష్టం.

మరి ఎన్‌కే కణాలతో ఎక్కడా మేలు జరగలేదా అంటే, జరిగింది. అమెరికాలో ఎం.డి. ఆండర్సన్ ఆస్పత్రి వాళ్లు బొడ్డుతాడు రక్తంలోని ఎన్‌కే కణాలకి జన్యుమార్పు చేసి, కేన్సర్ కణం మీది ఒక గుర్తును పట్టుకునేలా తయారుచేశారు. 2020లో ఫలితాలు ఇచ్చారు. 11 మందిలో 8 మందికి గుణం కనిపించింది, అందులో 7 మందికి కేన్సర్ జాడ లేకుండా పోయింది. తేలిగ్గా తీసిపారేసే విషయం కాదిది, మంచి ఫలితమే. కానీ వాళ్లందరివీ లింఫోమా, ల్యుకేమియా. కేన్సర్ కణాలు రక్తంలోనూ లింఫు గ్రంథుల్లోనూ ఎన్‌కే కణాలకి అందుబాటులో ఉండే జబ్బులు. ఇలాంటి వార్తలే వాట్సాప్‌లో తిరుగుతూ తిరుగుతూ "అన్ని కేన్సర్లకీ మందు దొరికింది" అయిపోతాయి. మన దేశంలో 2023లో అనుమతి వచ్చిన నెక్స్‌కార్19 గురించి కూడా మీ బావగారు చెప్పి ఉంటారు. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి చేసిన పని, 2024లో మీ ఒడిశా ఆడపడుచు ద్రౌపదీ ముర్ము గారే ప్రారంభించారు. అది టీ కణాల వైద్యం. అదీ బీ కణాల రక్త కేన్సర్లకే.

నోరు, గొంతు కేన్సర్లలో ఎన్‌కే కణాల దారి పట్టుకుని చేసిన పెద్ద ప్రయత్నం ఒకటుంది, మీకు నేరుగా సంబంధించినది కాబట్టి చెప్తాను. ఎన్‌కే కణం మీద ఉండే ఒక బ్రేకును విడిపించే మోనలిజుమాబ్ అనే ఇంజెక్షన్‌ని, ఈ కేన్సర్లకి అప్పటికే వాడుతున్న సెటుక్సిమాబ్ అనే మందుతో కలిపి ఇచ్చారు. మొదటి చిన్న పరీక్షలో నలుగురిలో ఒకరికి పైగా గడ్డలు తగ్గాయి. అందరూ సంబరపడ్డారు. ఆ తర్వాత వందల మందితో పెద్ద పరీక్ష పెడితే, సెటుక్సిమాబ్ ఒక్కటే ఇచ్చినదానికన్నా మెరుగు లేదని 2022 ఆగస్టులో మధ్యలోనే ఆపేశారు. పెద్ద కంపెనీలు అంత డబ్బు పోసి, అంత జాగ్రత్తగా కొలిచి, పని చేయలేదని ఒప్పుకున్న చోట, ఏ పరీక్షా ప్రచురించని ఒక క్లినిక్ చేసి చూపిస్తానంటే నేను నమ్మను.

ఎన్‌కే కణాల మీద పరిశోధన జరగాలి, జరుగుతోంది. నిజమైన పరీక్షలో చేరే అవకాశం వస్తే వద్దనను. దానికి గుర్తులున్నాయి. మన దేశంలో మందుల పరీక్షలన్నీ సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో ముందే నమోదు కావాలి, 2009 నుంచి అది తప్పనిసరి. ఆ నంబరు అడగండి, ఇంటర్నెట్‌లో మీరే చూసుకోవచ్చు, ఒక్క పైసా కట్టక్కర్లేదు. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. సంతకం పెట్టే కాగితం మీకొచ్చిన భాషలో ఉండాలి. పరీక్షలో ఉన్న మందుకి రోగి దగ్గర సాధారణంగా డబ్బు తీసుకోరు, పరీక్ష వల్ల హాని జరిగితే వైద్యం వాళ్లే చేయించాలి. 14 లక్షలు ముందే కట్టమనేది పరీక్ష కాదు, వ్యాపారం. సైడ్ ఎఫెక్టులు ఉండవన్న మాటా సగమే. ఎన్‌కే కణాలు మిగతా కణ వైద్యాలతో పోలిస్తే ఒంటికి తేలికే, నిజమే. కానీ ల్యాబ్‌లో వారాలపాటు పెంచిన ద్రవంలో బాక్టీరియా చేరితే నేరుగా రక్తంలోకే పోతుంది. అంతకన్నా పెద్ద నష్టం, ఆ రెండు మూడు నెలలూ అమ్మగారికి అందాల్సిన అసలు మందు అందకపోవడం.

ఇక అసలు మందు. సిస్‌ప్లాటిన్ అయిన ఆరు నెలల్లోపే జబ్బు తిరగబెట్టింది కాబట్టి అదే మందు మీద ఆశ పెట్టుకోలేం. పూర్తిగా నయం చేయడం కుదరని దశకి చేరిన తల, మెడ కేన్సర్ల వాళ్ల కోసం ముంబై టాటా మెమోరియల్‌లో ఒక పని చేశారు. మెథోట్రెక్సేట్, సెలికాక్సిబ్, ఎర్లోటినిబ్ అనే మూడు మందులు ఇంటి దగ్గర మింగే మాత్రలుగా ఇచ్చి, సగంమందికి అదనంగా నివోలుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ ఇంజెక్షన్ మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములు చేశారు. మామూలుగా ఇచ్చే మోతాదులో ఇది పదో వంతు కూడా కాదు. మొత్తం 151 మంది. ఏడాది తర్వాత చూస్తే మాత్రలు మాత్రమే వాడినవాళ్లలో నూటికి 16 మంది బతికి ఉన్నారు, ఇంజెక్షన్ కూడా తీసుకున్నవాళ్లలో 43 మంది. ఈ లెక్కలు మన రోగులవి, మన ఆస్పత్రివి. 43 అంటే సగం కన్నా తక్కువేనని గుర్తుంచుకోండి. ఇది జబ్బుని తుడిచిపెట్టేది కాదు, కొన్ని నెలలు కలుపుతుంది, కొందరికి అంతకు మించి. ఆ మాట నేను దాచను.

మీ ఆంకాలజిస్టుని ఈ పద్ధతి పేరు పెట్టి అడగండి: "తక్కువ మోతాదు నివోలుమాబ్, మూడు మాత్రల మెట్రోనామిక్ కీమోతో కలిపి అమ్మకి కుదురుతుందా?" మెట్రోనామిక్ అంటే కీమోని చిన్న మోతాదుల్లో, విరామం లేకుండా ఇవ్వడం. సిస్‌ప్లాటిన్ పడింది కాబట్టి కిడ్నీ పరీక్ష ముందు చేయించాలి, మెథోట్రెక్సేట్‌కి అది ముఖ్యం. ఎర్లోటినిబ్‌కి మొటిమల్లాంటి దద్దుర్లు వస్తాయి, విరేచనాలు కావచ్చు. ఇంజెక్షన్‌కి థైరాయిడ్ తగ్గడం, అరుదుగా ఊపిరితిత్తుల వాపు ఉంటాయి. కొత్తగా దగ్గు, ఆయాసం మొదలైతే ఆ రోజే ఆస్పత్రికి ఫోన్ చేయాలి. నివోలుమాబ్ 40 మిల్లీగ్రాముల సీసాలో కూడా వస్తుంది, 20 చొప్పున ఇద్దరికి సరిపోతుంది. ఇంకో రోగితో ఒకే రోజుకి ఇంజెక్షన్ పెట్టించమని డే కేర్ సిస్టర్‌ని అడగండి, సగం ఖర్చు తగ్గుతుంది. అడగడానికి మొహమాట పడకండి.

ఎక్కడికి వెళ్లాలంటే, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రి టాటా మెమోరియల్ వాళ్లదే. మీకు గుణుపూర్ ప్యాసింజర్ ఉంది కదా, విశాఖలో దిగండి, ఆస్పత్రి దువ్వాడ వైపు ఉంటుంది. బరంపురం ఎం.కె.సి.జి., కటక్ ఆచార్య హరిహర్, భువనేశ్వర్ ఎయిమ్స్ కూడా ఉన్నాయి. కానీ మీ పాత కాగితాలన్నీ విశాఖవే, అమ్మగారికి తెలుగులో చెప్పుకోవడం సుఖం, కాబట్టి నా ఓటు అగనంపూడికే. వెళ్లేటప్పుడు ఆపరేషన్ నోట్సు, రేడియేషన్ ఎంత డోసు ఇచ్చారో ఉన్న కాగితం, బయాప్సీ బ్లాకులు (గడ్డ ముక్కని మైనంలో భద్రపరిచినవి), సీటీ సీడీ పట్టుకెళ్లండి. బ్లాకులు పాత ఆస్పత్రి పాథాలజీ విభాగంలో సంతకం పెట్టి అడిగితే ఇస్తారు.

సరిహద్దు ఊళ్లవాళ్లకి ఎప్పుడూ ఉండే తికమక ఒకటి. అటు ఆంధ్రలో, పాతపట్నంలో ఉన్న మేనమామ గారి ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు అమ్మగారికి పనికిరాదు, మీ రేషన్ కార్డు ఒడిశాది. మీకు ఆయుష్మాన్ భారత్–గోపబంధు జన ఆరోగ్య యోజన ఉంది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఇంట్లో ఆడవాళ్లకి అదనంగా ఇంకో 5 లక్షలు. ఆయుష్మాన్ కార్డు రాష్ట్రం దాటినా జాబితాలో ఉన్న ఆస్పత్రుల్లో చెల్లుతుంది. ప్యాకేజీలో ఏ మందు వస్తుంది, ఏది రాదన్నది ఆస్పత్రి ఆయుష్మాన్ కౌంటర్‌లో ముందే తేల్చుకోండి. కార్డులో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయా చూసుకుని మరీ బయల్దేరండి. ఒడియాలో ఒకలా, ఇంగ్లీషులో ఇంకోలా పడిన పేర్లతో కౌంటర్ దగ్గర రోజంతా పోగొట్టుకునేవాళ్లు ఎంతమందో.

నొప్పి గురించి మీరు ఒక్క ముక్కా రాయలేదు. మెడలో బిళ్లలు, రేడియేషన్ అయిన నోరు, నొప్పి లేకుండా ఉండదు. మన ఆడవాళ్లు చెప్పరు. రాత్రి పడుకుంటున్నారా, అన్నం మెత్తగా కలిపినా మింగగలుగుతున్నారా, మీరే అడగండి. పాలియేటివ్ కేర్ విభాగంలో మార్ఫిన్ మాత్రలు ఇస్తారు. అలవాటు పడిపోతారని భయపడి చాలా ఇళ్లలో ఆపేస్తారు. కేన్సర్ నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే ఆ భయం అక్కర్లేదు. మలబద్ధకం మాత్రం చాలామందికి వస్తుంది, మొదటి రోజు నుంచే దానికీ మందు రాయించుకోండి. మింగడం కష్టమైతే ముక్కులోంచి ట్యూబు పెట్టించుకోవడానికి వెనకాడొద్దు. ఒంట్లో శక్తి ఉంటేనే ఈ మందులేవైనా పనిచేస్తాయి.

బావగారి మాట మిమ్మల్ని కోసేసిందని ఉత్తరంలోనే తెలుస్తోంది. ఆయన చెడ్డవాడని నాకు అనిపించలేదు. ఏదో ఒకటి చేయాలన్న ఆరాటం. దగ్గర కూర్చుని మందు పట్టేవాళ్ల కన్నా దూరాన ఉన్న అల్లుళ్లకి, కొడుకులకి ఈ ఆరాటం ఎక్కువ. ఆయనతో వాదించకండి. "సరే బావా, నువ్వే మాతో అగనంపూడి రా, డాక్టరుని నువ్వే అడుగు" అనండి. కరపత్రం కూడా పట్టుకు రమ్మనండి, డాక్టరు ముందు పెట్టమనండి. అమ్మగారిని కూడా లోపలికి తీసుకెళ్లండి. పల్లం ఎవరి పేరున ఉందో మీరు రాయలేదు. ఆమెదే అయితే ఆమెని అడగకుండా బేరం దాకా ఎలా వెళ్లారని కోప్పడాలని ఉంది. ఎవరిదైనా సరే, తన వైద్యం కోసం ఇంట్లో ఏం అమ్మబోతున్నారో ఆమెకి తెలియాలి.

చివర్లో ఒక ముక్క రాసి వదిలేశారు, మీ పిన్నిగారు కూడా అడ్డపొగే తాగుతారని. నాకు ఉత్తరమంతటిలో అది ఎక్కువ కలవరం కలిగించింది. మిగతా చోట్ల నోటి కేన్సర్ ఎక్కువగా బుగ్గలోనో నాలుక మీదో వస్తుంది. మన శ్రీకాకుళం, గంజాం వైపు అంగిలికి వచ్చేది ఇందువల్లే. నాట్లలో వంగి ఉన్నా, గాలి వీస్తున్నా చుట్ట ఆరిపోదని నిప్పు వైపు నోట్లో పెట్టుకుంటారు. ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. టార్చి వేసి చూడండి: అంగిలి తెల్లగా పాలిపోయి, మధ్యలో ఎర్రటి చుక్కలుంటే అది పొగ వల్ల వచ్చిన మార్పు, మానేస్తే చాలావరకు తగ్గుతుంది. ఎర్రటి మచ్చ గానీ, రెండు వారాలు దాటినా మానని పుండు గానీ, గట్టిగా తగిలే తెల్లమచ్చ గానీ ఉంటే బయాప్సీ కావాలి. అగనంపూడి వెళ్లే రోజు ఆమెనీ వెంటపెట్టుకుని వెళ్లి నోరు చూపించండి.